పది లెక్కపెట్టేదాకా

రెండోసారి కూడా మా బావ ఆ డబ్బాను తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు.

"ఇదీ లీకేరా," అన్నాడు. అని, స్టూలు మీద కూలబడి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి, షెడ్డు నుంచి నా కొట్టుదాకా ఎండలో నడిచి వచ్చాడు. జాలి పడాల్సిందే. కానీ నాకు ఒళ్ళు మండింది.

నేను పాత కార్ల విడిభాగాలు అమ్ముతాను. ఇరవై ఏడేళ్ళుగా అదే పని. ఈ రోజుల్లో పాత బండికి ఒక చిన్న ముక్క దొరకాలన్నా తల ప్రాణం తోకకొస్తుంది. ఈ డబ్బా కోసం ఎంతమందిని బతిమాలానో నాకే గుర్తులేదు. మొదట వచ్చినదాన్ని బావ లీకని తిప్పికొట్టాడు. మారుమాట్లాడకుండా దాన్ని టోకు వ్యాపారికి తిరిగి పంపి, ఇంకొకటి తెప్పించాను. ఇప్పుడిదీ లీకే అంటే ఆ వ్యాపారికి ఏ మొహం పెట్టుకుని ఫోను చెయ్యను?

"బావా, నిన్ననే కదా సీలు విప్పింది. కొత్తది," అన్నాను.

"కొత్తదైతే లీకవకూడదని రూలేమన్నా ఉందా? చూడు."

జేబులోంచి జానెడు రబ్బరు గొట్టం తీసి డబ్బాకు తగిలించాడు. రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. డబ్బా కొసన ఉన్న సన్నటి కడ్డీ లోపలికి జరిగింది. పెదవులు గొట్టం చుట్టూ బిగించి పట్టి, చెయ్యెత్తి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడో వేలు మడిచేసరికి కడ్డీ మళ్ళీ బయటికి వచ్చేసింది.

"పది లెక్కపెట్టేదాకా నిలవాలి. మూడు కూడా నిలవలా," అని రుమాలుతో మీసం తుడుచుకున్నాడు.

ఈ డబ్బా సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. పాత పెట్రోలు కార్లలో ఇంజనుకు వేళకు నిప్పురవ్వ అందించే సామాను ఒకటి ఉంటుంది, దాన్ని డిస్ట్రిబ్యూటర్ అంటారు. దాని పక్కన జామకాయంత రేకు డబ్బా అంటుకుని ఉంటుంది. అసలు పేరు వాక్యూమ్ అడ్వాన్స్. మేమంతా డబ్బా అనే అంటాం. లోపల పల్చటి రబ్బరు పొర ఉంటుంది. ఇంజను గాలి పీల్చుకున్నప్పుడు ఒక సన్నటి గొట్టం గుండా ఆ పొరను లాగుతుంది, పొర కడ్డీని లాగుతుంది, కడ్డీ లాగితే నిప్పురవ్వ కాస్త ముందుగా పడుతుంది. బండి హాయిగా, తక్కువ పెట్రోలుతో పరుగెడుతుంది. పొర చిరిగిందా, బండి ఆగిపోదు. ఈడ్చుకుంటూ, మూలుగుతూ, పెట్రోలు తాగుతూ ఎలాగో నడుస్తూనే ఉంటుంది. మా ఇంట్లో అందరిలాగే.

నిజంగానే మేం ముగ్గురం అలసిపోయాం. అక్క షెడ్డులోనే ఒక మూల కుట్టుమిషను పెట్టుకుని ఆసుపత్రివాళ్ళకు దుప్పట్లు, దిండు గలీబులు కుడుతుంది. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడామెకు రెండు కళ్ళద్దాలు కావాలి. నా ఎడమ మోకాలు మెట్లు చూస్తే మొరాయిస్తుంది. ఇక బావ సంగతి చెప్పాలి.

బావ మా నాన్న ఉన్నప్పుడు ఇదే కొట్లో పనికి చేరాడు. మూడేళ్ళు తిరక్కుండా మా అక్కను పెళ్ళి చేసుకున్నాడు. నాన్న తర్వాత కొట్టు నేను తీసుకుంటే, ఆయన వెనక వీధిలో షెడ్డు వేసుకుని మెకానిక్ అయ్యాడు. అప్పటి నుంచి ఊరందరికీ మేస్త్రీ. ఆయనకు మీటర్ల మీదా గేజీల మీదా నమ్మకం లేదు. ప్లగ్గు రంగు చూసి ఇంజను ఆకలి చెప్పేవాడు, పొగ వాసన చూసి జబ్బు చెప్పేవాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఏ సిలిండరు బద్ధకిస్తోందో చెప్పేవాడు. కొట్లో నేను చేతి పంపు ఒకటి తెప్పించాను, గాలి లాగి సూది చూసుకునేది. దాన్ని చూసి, "దేవుడు నోరిచ్చింది నీతో వాదించడానికేనా?" అన్నాడు. అది అలాగే అలమరలో దుమ్ము పట్టిపోయింది.

జనం ఆయన దగ్గరికి రిపేరుకే కాదు, తీర్పుకు కూడా వచ్చేవాళ్ళు. కొనమంటే కొనేవాళ్ళు, వద్దంటే వెనక్కి తిరిగి చూడకుండా పోయేవాళ్ళు. ఒకసారి ఇద్దరన్నదమ్ములు తండ్రి కారు ఎవరికి రావాలో తేల్చమని వచ్చారు. బావ అరగంటసేపు ఇంజను విని, "ఎవరికొస్తే వాళ్ళే నష్టపోతారు, నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకోండి," అన్నాడు. తిట్టుకుంటూ వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ పోయారు. ఇన్నేళ్ళలో ఆయన నోట "తప్పు నాది" అన్న మాట నేను వినలేదు. పొగరుతో కాదు, ఆ అవసరం పడలేదు.

కానీ ఈ మధ్య షెడ్డుకు బళ్ళు రావడం తగ్గింది. పాత కార్లు ఒక్కొక్కటే తుక్కుకు పోతున్నాయి. ఇప్పుడు షెడ్డులో ఉన్నది టీచరమ్మ కారొక్కటే. ఆవిడ భూగోళం చెప్పి రిటైరయింది. ఇల్లు గట్టు మీద. కారు సగం గట్టు ఎక్కేసరికి ఆయాసపడుతోందని తీసుకొచ్చింది. బావ పాత డబ్బాను పీల్చి చూసి పొర చిరిగిందన్నాడు. అది ముమ్మాటికీ నిజం. దాని గొట్టంలోంచి ఇంజనాయిలు కూడా కారింది. "కొత్తది వేస్తే వారంలో ఇచ్చేస్తానమ్మా," అన్నాడు. మూడు వారాలైంది. మొన్న ఆవిడ ఫోను చేసి, "నాకూ ఓపిక లేదు మేస్త్రీ గారూ. కుదరకపోతే కుదరదని మీ నోటితో చెప్పండి, ఇచ్చేస్తాను," అంది. బావ చెబితే ఆ కారు తుక్కుకు పోవడమే.

"నీ కొట్లో సరుకంతా ఇలా తగలడింది," అన్నాడు బావ, మళ్ళీ కళ్ళు మూసుకుని.

"తగలడితే ఎందుకొస్తావు మరి? వేరే కొట్టు చూసుకో."

"ఉంటే చూసుకోనా?" అని లేచాడు. "రేపటికి మంచిది తెప్పిస్తే సరే. లేకపోతే బండి ఇచ్చెయ్యమని టీచరమ్మకి చెప్పేస్తా. నాకూ విసుగొచ్చింది."

ఆయన మెట్లు దిగుతుంటే వెనకనుంచి చూశాను. ఈ మధ్యే పెంచిన ఆ మీసం ఆయనకు బొత్తిగా నప్పలేదు. "ఈ వయసులో మీసమేంటి బావా, మా అక్కని మళ్ళీ పెళ్ళి చేసుకుంటావా?" అని పోయిన నెల ఏడిపిస్తే నవ్వను కూడా నవ్వలేదు.

ఆయన వెళ్ళిన గంటకు టోకు వ్యాపారి ఫోను చేశాడు. "మీరు తిప్పిపంపినదాన్ని పంపు పెట్టి చూశామండీ. పావుగంటైనా సూది కదల్లేదు. మీ మేస్త్రీకి ఏమైంది?" అన్నాడు. మా బావను అంటే నేనూరుకుంటానా? అంతకు ముందు నేనే తిట్టానన్నది వేరే సంగతి. నలభై ఏళ్ళ అనుభవమనీ, నీకు పుట్టు మెకానిక్కంటే ఏంటో తెలీదనీ గట్టిగా అరిచి పెట్టేశాను. పెట్టేశాక మాత్రం చెయ్యి దానంతటదే అలమర దగ్గరికి పోయింది. పంపు దులిపి, బావ లీకని వదిలిపోయిన డబ్బాకు తగిలించి లాగాను.

సూది ఎక్కింది. నిలబడింది. పది లెక్కపెట్టాను. అంతలో ఎవరో వైపరు రబ్బర్లకోసం వచ్చారు. వాళ్ళకు కావలసింది వెతికిచ్చి, బేరమాడి, పంపించి వచ్చి చూస్తే సూది అక్కడే ఉంది.

పంపు పీకేసి నోటితోనే పీల్చాను. పెదవులు గొట్టానికి అంటుకుపోయాయి. లోపలికి పోయిన కడ్డీ వెనక్కి రానేలేదు. వెంటనే సంగతి అర్థమైపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ముందు నాకొచ్చిన ఆలోచన ఏమిటంటే, బావకు మతి తప్పుతోందని. కొట్టు సగం తలుపు దించి, డబ్బాను సంచిలో వేసుకుని, మోకాలిని తిట్టుకుంటూ షెడ్డుకు బయల్దేరాను.

నేను వెళ్ళేసరికి టీ తాగుతున్నారు. టీచరమ్మ నీలం కారు బానెట్ ఎత్తి ఉంది. అక్క మిషను ఆపి బావతో ఏదో చెబుతోంది. బావ గ్లాసు ఎడమ పక్క పెదవికి ఆనించి తాగుతున్నాడు. కుడి పక్కనుంచి టీ మీసంలోకి జారి, గడ్డం మీదుగా కారింది. ఆయనకు ఆ సంగతే తెలియలేదు. అక్క మాట ఆపకుండానే తువ్వాలు చాచి తుడిచింది. ఆ తుడిచిన తీరు చూస్తేనే అది అలవాటైన పని అని తెలుస్తోంది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది. ఏమీ అనొద్దని కళ్ళతోనే చెప్పింది.

బావ గ్లాసు పెట్టి కారు దగ్గరికి నడిచాడు. నేను అక్క పక్కన కూచున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"రెండు నెలలైంది. పొద్దున్నే పుక్కిలిస్తుంటే నీళ్ళు పక్కకి చిమ్మాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. పక్షవాతం కాదంట, మొహంలో నరం దెబ్బతిందంట. మందులిచ్చాడు. చాలామందికి తగ్గుద్ది, కొంతమందికి ఇలాగే ఉండిపోద్ది అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నారు మీ బావ. నీకైతే అసలు చెప్పొద్దన్నారు."

"నాకేం? నేనేం చేశాను?"

"నువ్వు ఎగతాళి చేస్తావని."

మీసం గురించి నేను వేసిన జోకు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. "అక్కా, ఆ నోటితోనే గదా ఆయన గొట్టం పీలుస్తున్నది," అన్నాను.

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ ఆగిపోయింది. "అయితే ఆ డబ్బా?"

"శుభ్రంగా ఉంది. పోయినసారిదీ బానే ఉందంట."

ఇద్దరం బావ వైపు చూశాం. ఆయన కారు మీదికి వంగి, ఏమీ చెయ్యకుండా, ఇంజనువైపు చూస్తూ నిలబడ్డాడు.

"చెప్పకురా," అంది అక్క. "కండ పోయింది, బళ్ళు పోయాయి. మేస్త్రీ చెప్పాడు అన్న మాటొక్కటే మిగిలింది. అది కూడా పోతే రేపు పొద్దున లేచి ఈయనేం చేస్తారు? ఇంకోటి తెచ్చానని చెప్పి అదే ఇచ్చెయ్. నువ్వు పరీక్ష చేశానని చెప్పు."

నేను ధైర్యస్తుణ్ణి కాను. అక్క మాటే బాగుందనిపించింది. లేచి వెళ్ళి, "ఇంకోటి దొరికింది బావా. మంచిదే. నేను చూశా," అని డబ్బా అందించాను.

"నీ చూపెవడిక్కావాలి, ఇటివ్వు," అన్నాడు.

గొట్టం తగిలించాడు. పీల్చాడు. వేళ్ళు మడిచాడు. మూడు. కడ్డీ వెనక్కి వచ్చేసింది. ఈసారి ఆయన నన్ను తిట్టలేదు. అందుకే నాకు భయం వేసింది. డబ్బాను కారు అంచున పెట్టి, "ఇక చాలురా," అన్నాడు. "ఫోనియ్యి. ఇచ్చెయ్యమని టీచరమ్మకి చెప్పేస్తా."

ఫోను నా జేబులోనే ఉంది. తీశాను కూడా. కానీ ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మంచి బండిని, మంచి డబ్బాను పక్కన పెట్టుకుని, ఈయన చేత ఆ మాట అనిపించి, నేను పక్కన నిలబడి వినాలా? అక్క వైపు చూడకుండా డబ్బా తీసుకున్నాను.

"బావా, ఒక్కసారి నేను పీలుస్తా. నువ్వు లెక్కపెట్టు."

విసుక్కుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర గొంతు కాస్త తగ్గింది. నాలుగు. పది దాటింది. ఆయన ఆపలేదు, కడ్డీ మీంచి చూపు తిప్పకుండా లెక్కపెడుతూనే ఉన్నాడు. ఇరవై ఆరు దగ్గర ఆగి, నా నోట్లోంచి గొట్టం లాగేసుకున్నాడు.

తుడిచి, తన నోట్లో పెట్టుకున్నాడు. మూడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి కుడి చేతి రెండు వేళ్ళతో పెదవుల కుడి మూలను గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఎడమ చేతి వేళ్ళు మడిచాడు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. వేళ్ళు వదిలేశాడు. టప్పున కడ్డీ బయటికొచ్చింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నలభై ఏళ్ళుగా బళ్ళ జబ్బులు ఎలా పట్టుకున్నాడో తన జబ్బునూ అలాగే పట్టుకున్నాడు.

"లీకు ఇక్కడుంది," అన్నాడు, పెదవి మూలను ముట్టుకుని.

అక్క మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఏడుస్తాడేమో అనుకున్నాను. నాకైతే ఏడుపొచ్చింది. ఆయన మాత్రం గోడకేసి చూస్తున్నాడు. అక్కడ రెండు మేకుల మధ్య ఒక తీగ కట్టి ఉంటుంది. పనికిరావని పీకేసిన డబ్బాలన్నీ దానికి గుచ్చుతాడు.

"ఈ కొసనున్న నాలుగు దించు," అన్నాడు.

"ఇప్పుడెందుకు బావా?"

"దించరా. ఈ రెండు నెలల్లో పీకినవి అవే."

దించాను. ఆయన ఒక్కొక్కటీ అందిస్తుంటే పీల్చాను. మొదటిది టీచరమ్మ పాత డబ్బా, గాలి సర్రున వచ్చేసింది, నోరంతా ఆయిలు రుచి. రెండోది నిలబడింది. మూడోది నిలబడింది. నాలుగోది కూడా నిలబడింది. ఒక్కొక్కటి నిలబడినప్పుడల్లా బావ మొహంలో ఏదో దిగిపోతూ వచ్చింది. ఆఖరికి, పెదవి కాస్త వదిలేసి లీకనిపించొచ్చుగా నేను, అని లోలోపల నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఇద్దరికి గొట్టం మూసేసి, ఇలాగే నడుపుకోండి అని చెప్పా," అన్నాడు బావ. "ఈ నాలుగోది టాక్సీ ఆయనది."

టాక్సీ ఆయన ఎవరో నాకూ తెలుసు. పాత కారు టాక్సీ తోలుకునేవాడు. బండికి పికప్ పోయిందని వస్తే, డబ్బా పోయిందని తేల్చాడు బావ. ఆ రకం డబ్బా దొరుకుతుందా అని నన్నడిగాడు. నేను రెండు ఫోన్లు చేసి, మూడోది చెయ్యడానికి బద్ధకించి, దొరకదని చెప్పేశాను. ఇక దాని మీద ఖర్చు దండగ, ఇచ్చెయ్యమన్నాడు బావ. ఆ వారమే ఆయన బండిని తుక్కువాళ్ళకిచ్చేశాడు.

"మరి డబ్బా బాగుంటే ఆ బండికొచ్చిన జబ్బేంటి?" అన్నాను.

"గొట్టం చివర రబ్బరు మెడ ఉంటుందిగా, అది చీలుంటుంది. చూళ్ళేదు నేను. డబ్బా పోయిందనుకుని అక్కడే ఆగిపోయా."

ఆ రబ్బరు మెడలు నా కొట్లో సీసాడున్నాయి. బొటనవేలంత ఉండవు.

"తెలిసి చేశారా ఏంటండీ?" అంది అక్క.

"తెలీకుండానే. తెలుసుకోకుండా ఎలా చెప్పాననే నేననేది," అన్నాడు బావ. అక్క నీళ్ళు తెచ్చిస్తే ఎడమపక్కనుంచి తాగి, కారిందాన్ని తనే తుడుచుకుని, చేతులు దులుపుకుని బండి దగ్గరికి వెళ్ళాడు.

చేతులకు ఏమీ కాలేదు. అది చూస్తుంటే ప్రాణం కుదుటపడింది. డిస్ట్రిబ్యూటర్ మూతకున్న రెండు క్లిప్పులూ విప్పి, మూతను వైర్లతో సహా పక్కకు వాల్చాడు. లోపలి పళ్ళెం కిందున్న మేకుకు కడ్డీ కొక్కెం తగిలి ఉండే చోట చిటికెనవేలి గోరంత క్లిప్పు ఉంటుంది. అది ఎగిరిపడితే రోజంతా వెతుక్కోవాలి. ఎడమ అరచెయ్యి గొడుగు పట్టి దాన్ని తీసి, నా చేతిలో పెట్టి, "మింగకు," అన్నాడు. కొత్త డబ్బాను తోసి, కొక్కెం మేకుకు తగిలించి, క్లిప్పు వేసి, రెండు స్క్రూలు బిగించాడు. గొట్టం తగిలించే ముందు రబ్బరు మెడను వెలుతురులో పట్టుకుని, వంచి, మెలిపెట్టి, మళ్ళీ వంచి చూశాడు. అంతసేపు చూడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంజను స్టార్టు చేసి, టైమింగ్ సరిచేశాడు. తర్వాత కార్బురేటరు దగ్గర గొట్టం ఊడదీసి ఆ కొసను నాకందించాడు.

"పీల్చు."

పీల్చాను. ఇంజను గొంతు లేచింది. బావ తల వంచి విన్నాడు.

"వదులు."

గొంతు తగ్గింది. అలా నాలుగుసార్లు చేయించాడు. అక్కడ నా కొట్టు సగం తలుపుతో అలాగే ఉంది, మోకాలు పీకేస్తోంది, నోరంతా రబ్బరు కంపు. అయినా నోరు మెదపలేదు. మెదిపితే గొట్టం జారుతుంది.

ఫోను చేస్తే సాయంత్రం నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. బావ ఆమె పక్కన కూచున్నాడు. నన్ను కూడా రమ్మని వెనక సీట్లోకి తోశాడు. కారు గట్టు మొదట్లో మూడో గేరులో ఎక్కడం మొదలుపెట్టింది. సగంలో, ఎప్పుడూ ఆయాసపడే చోట, టీచరమ్మ చెయ్యి అలవాటుగా గేరు రాడ్డు మీదికి పోయింది. మార్చే పనే పడలేదు. పైదాకా అదే గేరులో పోయింది. ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

"మీరుండగా దీన్ని తుక్కుకు వేద్దామనుకున్నాను చూడండి. నాదీ బుద్ధేనా మేస్త్రీ గారూ!"

"మొదట వచ్చిన డబ్బా కూడా మంచిదేనమ్మా. నేనే కాదన్నా. ఆలస్యం నా వల్లే," అన్నాడు బావ. ఆవిడ ఏదో అనబోయింది. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. "దిగేటప్పుడు కింద గోదాం గేటు దగ్గర ఒక్క నిమిషం ఆపుతారా?"

గోదాం గేటు దగ్గర ఎవరున్నారో నాకు అక్కడికి వెళ్ళేదాకా తెలియదు. కర్ర అడ్డగడ పక్కన, రేకు గదిలో, ఖాకీ చొక్కా వేసుకుని టాక్సీ ఆయన కూచుని ఉన్నాడు. బండి పోయాక ఆయనకు దొరికిన పని అది. బావను చూడగానే లేచి, ఉన్న ఒక్క కుర్చీ ముందుకు జరిపాడు.

"రండి మేస్త్రీ, కూచోండి."

బావ కూచోలేదు. నేను కారులోనే ఉండిపోయాను. కిటికీ తెరిచే ఉంది కాబట్టి అన్నీ వినిపించాయి. వినకుండా ఉంటే బాగుండేది.

"నీ బండి డబ్బా బానే ఉంది," అన్నాడు బావ. "నా నోరే బాగాలేదు. ఈ పక్క పడిపోయింది, గాలి నిలవట్లేదు. అది తెలుసుకోకుండా నీ డబ్బా లీకన్నా. బొటనవేలంత లేని రబ్బరు ముక్క మారిస్తే నడిచేది నీ బండి. ఇచ్చెయ్యమని తప్పు చెప్పా."

టాక్సీ ఆయన బావ నోటివైపు చూశాడు. తర్వాత నేలవైపు చూశాడు. ఆయన అరిచినా బాగుండేది. కాలరు పట్టుకున్నా నేను దిగి అడ్డంపడేవాణ్ణి.

"మా ఆవిడ ఇంకొకళ్ళకి కూడా చూపిద్దామని పోరింది మేస్త్రీ," అన్నాడు చివరికి. గొంతులో కోపమేమీ లేదు. "మేస్త్రీ చెప్పాక ఇంకొకళ్ళెందుకే అని నేనే కసిరాను."

లారీ ఒకటి వచ్చి హారను కొట్టింది. ఆయన వెళ్ళి అడ్డగడ ఎత్తాడు, లారీ నంబరు చూశాడు, అడ్డగడ దించాడు. బావ ఖాళీ కుర్చీ పక్కనే నిలబడి ఆయన తిరిగి వచ్చేదాకా ఆగాడు.

"ఆవిడ చెప్పిందే నిజమని చెప్పు," అన్నాడు. "మేస్త్రీయే వచ్చి చెప్పాడని చెప్పు."

టాక్సీ ఆయన తల ఊపాడు. బావ వచ్చి కారులో కూచుని తలుపు వేసుకున్నాడు. రుమాలుతో కుడి పక్క పెదవి తుడుచుకున్నాడు. టీచరమ్మ స్టీరింగు మీద చేతులు పెట్టి, "ఇంటికేనా మేస్త్రీ గారూ?" అని మెల్లగా అడిగింది.

"ఇంకా ఇద్దరున్నారమ్మా," అన్నాడు బావ. "మీకు పనుంటే చెప్పండి, నేను నడిచి వెళ్తా."

టీచరమ్మ ఏ వీధో అడిగి, బండి అటు తిప్పింది.